పెరటికి దేశానికో చట్టమా?

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ట్రామ్ ఎక్కితే రైన్ నది దాటి జర్మనీలోని కేల్ పట్టణంలో దిగవచ్చు. స్ట్రాస్‌బర్గ్‌లో పెరడున్న గృహస్థు రసాయన కలుపు మందు కొనడమే కాదు, దాని సీసా ఇంట్లో ఉంచుకోవడం కూడా 2019 జనవరి 1 నుంచి నిషిద్ధం. సెనెటర్ జోయెల్ లాబె చొరవతో 2014లో వచ్చిన చట్టం జీవ నియంత్రణ మందులు, సేంద్రియ సేద్యంలో చెల్లే మందుల వంటివాటినే అక్కడి పెరళ్లకు మిగిల్చింది. అదే కేల్‌లో, గ్లైఫోసేట్ అనే రసాయన కలుపు మందును ఇంటి తోటల్లో వాడరాదని 2021 సెప్టెంబరులో ఆంక్ష వచ్చినా, ఇతర రసాయన మందులు దొరుకుతాయి. అయితే కొనేవారు తమంతట తాము అరలోంచి తీసుకోవడానికి వీల్లేదు. తెలిసిన ఉద్యోగి జాగ్రత్తలు చెప్పి చేతికివ్వాలి. బ్రిటన్‌కు వెళ్తే గ్లైఫోసేట్ పిచికారీ సీసా సూపర్ మార్కెట్ అరలోనే కనిపిస్తుంది, బుట్టలో వేసుకుని డబ్బు కట్టడమే తరువాయి. ఇంటి ముందు రాళ్లు పరిచిన బాట మీద ప్రత్యేక అనుమతి లేకుండా కలుపు మందు కొట్టడం జర్మనీలో నిషిద్ధం, ఎందుకంటే వాన పడితే ఆ మందు నేరుగా కాలువలోకి పోతుంది. బ్రిటన్‌లో సరిగ్గా ఆ బాటల కోసమేనని సీసా మీద అచ్చువేసి మరీ అమ్ముతారు!

బ్రిటన్ ఇప్పుడు కూటమిలో లేదు కనుక దాని దారి దానిదే అనుకున్నా, ఐరోపా సమాఖ్య లోపలి తేడాలకు ఆ సాకు కూడా లేదు. 2009 నాటి నిబంధనావళి ప్రకారం మందులోని మూల పదార్థాన్ని సమాఖ్య ఆమోదిస్తుంది, దానితో తయారైన సరుకు అమ్మకానికి ఏ దేశానికా దేశం అనుమతి ఇచ్చుకుంటుంది. నేల, వాతావరణం, పంటలు వేరు కనుక సమాఖ్యను ఉత్తర, మధ్య, దక్షిణ మండలాలుగా విభజించారు. పొలానికి ఈ తర్కం సబబే. స్ట్రాస్‌బర్గ్ పెరట్లో గరిక, కేల్ పెరట్లో గరిక వేరువేరు పంటలు కావు కదా!

పొలంలో మందు పరిమాణం ఎక్కువ, నిజమే. కానీ వృత్తిరీత్యా వాడే మందులను 2015 నవంబరు నుంచి శిక్షణ ధ్రువపత్రం ఉన్నవారికే అమ్మాలన్నది సమాఖ్య ఆదేశం. ఏ శిక్షణా లేకుండా, పిల్లలు ఆడుకునే చోట పిచికారీ చేసే గృహస్థు విషయంలో మాత్రం, మందుతో ఉండే ప్రమాదాల గురించి దుకాణదారు సాధారణ సమాచారం ఇస్తే చాలట! ఈ వరస తలకిందులుగా ఉందన్నది మా అభిప్రాయం. గ్లైఫోసేట్ బహుశా క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో వర్గీకరిస్తే, తీవ్ర ఆందోళనకు తావులేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో తేల్చింది. ఆ వివాదం తెగేదాకా ఆగనక్కర్లేని పని, అమ్మే పద్ధతిని సరిదిద్దడం.

ఆ అవకాశం ఒకసారి చేజారింది. పురుగుమందుల వాడకాన్ని 2030 నాటికి సగానికి తగ్గించాలంటూ 2022లో ఐరోపా కమిషన్ తెచ్చిన ప్రతిపాదనను 2023 నవంబరు 22న, అదే స్ట్రాస్‌బర్గ్‌లో సమావేశమైన పార్లమెంటు 299–207 ఓట్లతో తోసిపుచ్చింది. 2024 ఫిబ్రవరిలో కమిషన్ దాన్ని ఉపసంహరించుకుంటున్నట్లు ప్రకటించింది. గొడవంతా పొలాల గురించే. పట్టణ పార్కులు, ఆటస్థలాల రక్షణ కూడా దానితోపాటే కొట్టుకుపోయింది. గ్లైఫోసేట్‌ను గుర్తింపు పొందిన పురుగు నియంత్రణ నిర్వాహకులే వాడాలని 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చిన మన దేశానికి, కాగితం మీది ఆంక్షకూ దుకాణం గల్లాపెట్టెకూ మధ్య దూరం ఎంతో ఐరోపా చెప్పనక్కర్లేదు.

పొలం తగాదా నుంచి పెరటిని విడదీసి కమిషన్ మళ్లీ చిన్న ప్రతిపాదనే తేవాలి. తాళం వేసిన బీరువా, శిక్షణ పొందిన అమ్మకందారు 27 దేశాల్లోనూ కనీస నిబంధన కావాలి. అంతకు మించి వెళ్లే స్వేచ్ఛ ఫ్రాన్స్ వంటి దేశాలకు ఉండాలి. ఆన్‌లైన్‌లో వచ్చే ఆర్డరుకు అమ్మేవారి దేశపు చట్టం కాక, పార్సిల్ చేరే ఇంటి చిరునామా ఏ దేశానిదైతే ఆ దేశపు చట్టమే వర్తించాలి.