"చరిత్రలో ఈరోజు" గారికి, విజయనగరం నుంచి

అయ్యా "చరిత్రలో ఈరోజు" గారూ,

బాగున్నారా అని అడగను, మీకేటి, ఏడాది పొడుగునా ఖాళీ లేని ఉద్యోగం, లీపు సంవత్సరమొస్తే ఒకరోజు ఓటీ కూడానూ. తెల్లారి పాలవాడు రాకముందే వాట్సాప్‌లో దిగిపోతారు, కాసేపటికి పేపర్లో ఓ మూల కనిపిస్తారు, ఆ తర్వాత స్కూల్ ప్రేయర్లో ఎవరో తొమ్మిదో క్లాసు పిల్ల మైకు పట్టుకుని ఎక్కడా ఊపిరి తీసుకోకుండా మిమ్మల్ని చదివీసి "థాంక్యూ" అనేసి లైన్లోకి పోద్ది, ఎండలో నిలబడ్డ మిగతా పిల్లలు చప్పట్లు కొడతారు, ఎవరు పుట్టారో ఎవరు పోయారో ఒక్కడికీ తెలీదు.

సరే, ఊరికే తిట్టడమెందుకు, ఒక్క తారీఖు తీసుకుందాం. జూలై 10. మీ లిస్టు నాకు కంఠతా వచ్చు. 1856లో టెస్లా పుట్టాడు. 1913లో అమెరికా డెత్ వ్యాలీలో 56.7 డిగ్రీల ఎండ కాసింది (మాకు ఆ టైముకి వానలో ఉభాలు, అదే వరి నాట్లు, నడుస్తుంటాయి, ఆ ఎండతో మాకేటి పని?). 1940లో బ్రిటన్ మీద జర్మనీ విమానాల యుద్ధం మొదలైంది. 1949లో గవాస్కర్ పుట్టాడు. 1962లో టెల్‌స్టార్ ఉపగ్రహం ఎగిరింది. అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకే రకం చుక్క పెట్టి. కింద గ్రూపులో ఒకాయన చావుకీ పుట్టుకకీ తేడా లేకుండా అన్నింటికీ కలిపి ఓ దండం బొమ్మ పెట్టీసి పోతాడు.

మరి పద్మనాభమేదండీ?

1794 జూలై 10, పద్మనాభం యుద్ధం. పద్మనాభం అంటే భీమిలికీ మా ఊరికీ మధ్యలో, బస్సెక్కితే పోయొచ్చు. ఈస్టిండియా కంపెనీవోళ్ళు మా విజయనగరం రాజు చిన విజయరామరాజు గారికి పేష్కష్, అంటే కంపెనీకి కట్టాల్సిన కప్పం, బకాయిలు పడ్డాయని చెప్పి, జమీ వదిలీసి మద్రాసు పోయి కూర్చో, నెలకి 1200 రూపాయలు పెన్షనిస్తాం అన్నారు, అంటే ఇప్పటి భాషలో వీఆర్‌ఎస్ అన్నమాట. ఆయన పోలేదు. తన మనుషుల్ని వెంటేసుకుని పద్మనాభంలో దిగాడు. లెఫ్టినెంట్ కల్నల్ ప్రెండర్‌గాస్ట్ అనే ఆయన సిపాయిల్ని తీసుకొచ్చి మీద పడ్డాడు. ముప్పావుగంటలో అయిపోయింది, రాజుగారూ, పక్కనున్న ముఖ్యులూ అక్కడే పోయారు. ముప్పావుగంట యుద్ధమని మీకు చులకనేమో, నిజమే, మా పక్క పెళ్ళి భోజనాల్లో రెండో బంతి లేవడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. కానీ ఆ ముప్పావుగంట తర్వాత ఈ పక్క కంపెనీకి ఎదురు నిలబడేంత పెద్ద సంస్థానం ఇంకోటి లేకుండా పోయింది. కొడుకు నారాయణబాబుని కొండల్లోకి తీసుకుపోతే ఏజెన్సీ జమీందార్లు దాచి కాపాడారు, చివరికి ఆ కంపెనీయే రాజీకొచ్చి, శిస్తు ఇంత అని ఖరారు చేసి, ఆ కుర్రాడి చేతిలోనే జమీ పెట్టింది. అంటే తండ్రిని చంపిన పద్దులో కొడుక్కి రసీదు రాసిచ్చారు.

ఇంకో ముక్క. సరిగ్గా పన్నెండేళ్ళ తర్వాత, అదే జూలై 10న, 1806లో, తెల్లారకముందే వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. నుదుటి మీద బొట్టూ నామాలూ ఉండకూడదు, గడ్డం గీయించాలి, తోలు బిళ్ళ తగిలించిన కొత్త రకం తలపాగా పెట్టాలి అని ఆర్డరేస్తే కడుపు మండింది వాళ్ళకి, పైగా టిప్పు కొడుకుల్ని ఆ కోటలోనే ఉంచారాయె. ఆర్కాటు నుంచి గిల్లెస్పీ అనే ఇంగ్లీషు అధికారి గుర్రపు దండుతో ఉరికొచ్చి ఆ రోజే అణిచేశాడు. ఇప్పుడు చూడండి, పద్మనాభంలో కంపెనీ తరఫున తుపాకీ కాల్చింది మద్రాసు సైన్యమే, వెల్లూరులో కంపెనీ మీదకి తుపాకీ తిప్పిందీ మద్రాసు సైన్యమే, ఒకే తారీఖు. ఈ రెండూ ఒకదాని కింద ఒకటి రాస్తే ఎంత మొద్దు పిల్లాడికైనా ఒక ప్రశ్న పుడుతుంది కదా. మీరేం చేస్తారంటే వెల్లూరు ఒక్కటే పెడతారు, దాని కింద టెస్లా. పోనీ టెస్లా మీద నాకేం కోపం లేదు, ఇంటికొచ్చే కరెంటులో ఆయన చెయ్యుంది, మాకు గాలేసినప్పుడల్లా ఆ కరెంటు పోవడం వేరే విషయం.

1970 కూడా జూలై 10నే. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం, ఇద్దరూ బళ్ళో పాఠాలు చెప్పుకునే మాస్టార్లు, పార్వతీపురం ఏజెన్సీ కొండల్లో పోలీసు కాల్పుల్లో పోయారు. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయాక అంటుకున్న శ్రీకాకుళం గిరిజన సాయుధ పోరాటం వీళ్ళు పోయాక నీరుగారిపోయింది. వాళ్ళు పట్టిన దారి మంచిదా చెడ్డదా అని మా పక్క టీకొట్టు దగ్గర ఇప్పటికీ గొంతులు లేస్తాయి, మీరైతే ఏ గొడవా లేకుండా ఎత్తేశారు, తెలివైనోళ్ళు. ఒకవేళ రాసినా ఏ జిల్లా అని రాస్తారు చెప్పండి? ఆ రోజుకి అది శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1 నుంచి విజయనగరం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. తారీఖు కదల్లేదు, కొండ కదల్లేదు, బోర్డులు మాత్రం మారిపోనాయి.

క్రికెట్ దగ్గర మాత్రం మీకు భలే హుషారు. 2019 జూలై 10, మాంచెస్టర్, న్యూజిలాండ్ మీద ప్రపంచకప్ సెమీఫైనల్, గప్టిల్ విసిరిన బంతికి ధోనీ రనౌటు, 18 పరుగుల తేడాతో ఓడిపోయాం. ఆ రోజు గవాస్కర్‌కి 70 నిండాయి, ఏం బహుమతిచ్చాం పాపం. అసలు ఆ మ్యాచ్ మొదలైంది 9న, వానొచ్చి 10కి పోయింది, మరి దాన్ని ఏ తారీఖు కింద రాస్తారు, ఒక రోజులో పట్టనివాటిని మీరేం చేస్తారు? సందర్భమొచ్చింది కాబట్టి, 1936లో అదే మాంచెస్టర్ గ్రౌండులో మన టీమ్‌కి కెప్టెన్ ఎవరనుకున్నారు, మా విజయనగరం మహరాజకుమార్ విజ్జీ. ఇంగ్లీషోడి తుపాకీకి రాజు పోయిన వంశంలో పుట్టి, 142 ఏళ్ళకి ఇంగ్లండ్ పోయి, సిరీస్ ఓడి, లాలా అమర్‌నాథ్‌ని మధ్యలోనే ఇంటికి పంపీసి, ఆ ఏడాదే "సర్" బిరుదు కూడా పట్టుకున్నాడు. ఇలాంటివి మీ చుక్కల్లో ఎక్కడ పడతాయండీ.

చేపల సంగతి ఒప్పుకుంటా, 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రవేత్తలు చేపలకి ఇంజెక్షన్ చేసి గుడ్లు పెట్టించారు, దాంతో చేపపిల్లల కోసం వరద నీటి మీదే ఆధారపడే బాధ తప్పింది, ఇది పెట్టండి, మాకు పులుసుకి పనికొచ్చే చరిత్ర. 1925 జూలై 10న మెహెర్ బాబా మౌనం పట్టి, 1969లో పోయేదాకా నోరు విప్పలేదు. ఇంత మంచి సంగతి మీ లిస్టులో ఉండి కూడా ఆ రోజైనా మీరు ఊరుకోరు.

అసలు మావోళ్ళకి గుర్తుండే పద్ధతే వేరండీ. 1757 జనవరి 24న ఏం జరిగిందని గంటస్తంభం దగ్గర నిలబడి పదిమందిని అడగండి, తెల్లమొహాలేస్తారు. అది బొబ్బిలి యుద్ధం, బుస్సీ ఫ్రెంచి దండుతో కలిసి మా విజయనగరం రాజు పెద విజయరామరాజు బొబ్బిలి కోట మీద పడ్డ రోజు, తర్వాత తాండ్ర పాపారాయుడి చేతిలో ఆయనా పోయాడు. తారీఖు ఎవడికీ తెలీదు గానీ, ఆ కబురు విని రాజుగారి చెల్లెలు పెద్దచెరువులో కలిసిపోయిందని, పైడితల్లి అమ్మవారై వెలిసిందని ఊళ్ళో చంటిపిల్ల కూడా చెప్తుంది. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను, పొడుగాటి మాను చివర పూజారి కూర్చుని గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు, లక్షల్లో జనం. ఇంగ్లీషు తారీఖు ఏ ఏడాదికా ఏడాది మారిపోతుంది, అయినా ఒక్కడూ తప్పిపోడు, మీరు ఫార్వర్డ్ చెయ్యక్కర్లేదు. అక్టోబర్ 11న తిత్లీ తుపాను, 12న హుద్‌హుద్ తుపాను కూడా మీరు గుర్తు చెయ్యక్కర్లేదు, కొబ్బరి తోటలు పోయినోళ్ళని పలాస పక్క అడగండి, గంటల్తో సహా చెప్తారు.

అంచేత నా అర్జీ చిన్నది. వచ్చే జూలై 10కి డెత్ వ్యాలీ ఎండని కాస్త కిందకి జరిపి పద్మనాభానికి రెండు లైన్లు చోటివ్వండి. రెండంటే రెండే, రాజుగారి పేరూ, ఆ 1200 పెన్షనూ. ఆ తొమ్మిదో క్లాసు పిల్లకి ముందురోజే ఇస్తే, మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకుని చదువుకుంటుంది.

ఇట్లు,
మీ రోజువారీ బాధితుడు,
విజయనగరం.

తా.క.: జూలై 11 ప్రపంచ జనాభా దినోత్సవం, మాకు తెలుసు. దానికోసం మళ్ళీ తెల్లారగట్లే లేవకండి.