వార్నర్ తాతగారి తరఫున నాలుగు మాటలు

డెబ్బై ఏళ్లకు పైగా ఒక ఊరి పెద్దాయనను లోకమంతా ఆడిపోసుకుంటోంది. ఆయన పక్షాన నోరు విప్పినవాడు ఒక్కడూ కనబడడు. ఆ లోటు తీర్చడానికే ఈ సాహసం.

పెద్దాయన పేరు వార్నర్. 1948 జూన్ 26 నాటి ‘న్యూయార్కర్’ పత్రికలో అమెరికా రచయిత్రి షిర్లీ జాక్సన్ ప్రచురించిన ‘ది లాటరీ’ కథలో ఊరందరికంటే వయసులో పెద్దవాడు. కథ చదవనివారికి సంగతి ఇదీ: మూడు వందల జనాభా ఉన్న పల్లె. ఏటా జూన్ 27న పొద్దున పది గంటలకు అందరూ కూడలిలో చేరతారు. నల్లపెట్టెలోంచి ముందు ఇంటికొక చీటీ తీస్తారు, నల్లచుక్క ఉన్న చీటీ తగిలిన ఇంట్లో మళ్లీ మనిషికొక చీటీ తీస్తారు. చివరికి చుక్క ఎవరికి వస్తే వారిని మిగిలినవారు రాళ్లతో కొట్టి చంపుతారు. ఆ తర్వాత మధ్యాహ్న భోజనానికి ఇళ్లకు వెళ్లిపోతారు.

తప్పులు ఎంచేముందు నిర్వహణ చూడండి. రెండు గంటల్లోపు కార్యక్రమం ముగుస్తుంది. మనవైపు ఏ గ్రామసభ అయినా రెండు గంటల్లో తేలిందా? ముందురోజు రాత్రి బొగ్గుల వ్యాపారి సమ్మర్స్, పోస్టుమాస్టరు కలిసి చీటీలు సిద్ధం చేసి, పెట్టెను బొగ్గుల కంపెనీ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. పరీక్షకు ముందురోజే ప్రశ్నపత్రం ఫోనుల్లో తిరిగే దేశంలో కూర్చుని ఆ ఊరికి వంకలు పెట్టే అర్హత మనకుందా?

ఇక ఛాందసం మాట. ఇది పచ్చి అభాండం. ఆ ఊరు కాలంతో పాటు ఎంత మారిందో కథలోనే ఉంది. ఒకప్పటి చెక్కముక్కల స్థానంలో జనాభా పెరిగిందని కాగితపు చీటీలు వచ్చాయి. పూర్వం ఏదో పఠనం ఉండేదట, పోయింది. నిర్వాహకుడు ఒక్కొక్కరికీ చేయవలసిన వందనం ఉండేదట, అదీ పోయింది. అసలు పెట్టె ఎప్పుడో పోయింది, ఇప్పటి పెట్టె రంగు వెలిసి అంచులు పెచ్చులూడింది. కొత్తది చేయిద్దామని ఏటా అనుకుంటారు, ఏటా మానుకుంటారు. ఇన్ని వదులుకున్నవాళ్లు ఛాందసులెలా అవుతారు? రాళ్ల సంగతి మాత్రం మరచిపోలేదు, అంతే. మనమూ అంతేగా! పెళ్లి పీటల మీద చదివే మంత్రానికి అర్థం వరుడికి తెలియదు, వధువుకు తెలియదు, పురోహితుడిని అడిగితే ఆయనకు కోపం వస్తుంది. 1961లోనే చట్టం నిషేధించిన కట్నం లెక్క మాత్రం మేనమామల దాకా అందరికీ నోటికి వచ్చు.

వార్నర్ తాతగారు ఇప్పటికి డెబ్బై ఏడుసార్లు లాటరీకి హాజరయ్యారు. పక్క ఊరివాళ్లు దీన్ని మానేద్దామనుకుంటున్నారని ఎవరో చెబితే, వాళ్లవన్నీ వెర్రిమొర్రి ఆలోచనలని కొట్టిపారేశారు. జూన్‌లో లాటరీ జరిగితే మొక్కజొన్న బాగా పండుతుందని ఆయన చిన్ననాటి నుంచి విన్న సామెత. రుజువు ఏమిటంటే, డెబ్బై ఏడేళ్లూ ఆయన నిక్షేపంగా ఉన్నారు. చుక్క తగిలినవాళ్లు ఎవరూ వచ్చి ఎదురుసాక్ష్యం చెప్పలేదు. ఇంతకంటే నికార్సైన రుజువు మన వాస్తు పండితులు కూడా చూపలేరు.

కథలో ఈసారి చుక్క తగిలిన టెస్సీ హచిన్సన్ విషయంలో పాఠకులు అనవసరంగా కన్నీరు కారుస్తారు. ఆమె ఆలస్యంగా వచ్చింది, అంట్లు తోముతూ రోజు మరచిపోయానని నవ్వింది కూడా. చీటీ తన ఇంటికి తగిలేదాకా ఆమెకు అన్యాయం అన్న మాటే గుర్తుకు రాలేదు. వచ్చాక చేసిన మొదటి పని, అత్తవారింటికి వెళ్లిన కూతురిని కూడా లెక్కలో కలపమని అడగడం. చివరికి ఆమె చిన్నకొడుకు డేవీ చేతిలో ఎవరో నాలుగు గులకరాళ్లు పెట్టారు. పిల్లాడి గుప్పిటకు సరిపడేవి ఏరి మరీ పెట్టారు. ఈ తరానికి విలువలు నేర్పేవారు లేరని వాపోయే పెద్దలు ఈ చోట కాస్త ఆగి చదవాలి.

కథ అచ్చయిన ఆ వేసవిలో రచయిత్రికి మూడు వందలకు పైగా ఉత్తరాలు వచ్చాయి. మెచ్చుకున్నవి పదమూడేనని, అవీ ఎక్కువగా స్నేహితులవేనని ఆమే చెప్పుకుంది. కన్నతల్లి కూడా నచ్చలేదని రాసింది. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఏకంగా నిషేధించింది. నాకు నచ్చినవి వేరే ఉత్తరాలు. ఈ లాటరీలు ఎక్కడ జరుగుతాయి, వెళ్లి చూడవచ్చా అని కొందరు అడిగారు. ఇదీ అసలైన రసజ్ఞత! పాపం, వాళ్లకు చిరునామా దొరకలేదు.

మనకు ఆ కొరత లేదు. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టు. విజయదశమి అర్ధరాత్రి మాళమల్లేశ్వరస్వామి కల్యాణం అయ్యాక ఉత్సవమూర్తులు కొండ దిగుతాయి. విగ్రహాలను దక్కించుకోవడానికి నెరణికి, కొత్తపేట మొదలైన ఊళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లు మరోవైపు. చేతుల్లో కర్రలు, కొన్నిటికి ఇనుప రింగులు, మధ్యలో దివిటీలు. ఇది భక్తే తప్ప కొట్లాట కాదని, దెబ్బలు దివిటీలు తగిలి అవుతాయని ఊరివాళ్లు చెబుతారు. తలలు పగిలినవారు పసుపు అద్దుకుని మళ్లీ గుంపులో కలుస్తారు. కొన్నేళ్లలో ప్రాణాలూ పోయాయి.

ఇందులో నేను చేతులెత్తి మొక్కేది మాత్రం ప్రభుత్వ యంత్రాంగానికి. పండుగకు ముందు ఊరూరా అవగాహన సభలు పెట్టి కర్రలు వద్దంటారు, ఇళ్లు సోదా చేసి కర్రలు పట్టుకుపోతారు. అదే చేత్తో కొండ కింద తాత్కాలిక ఆసుపత్రి తెరిచి మంచాలు వేయిస్తారు, అంబులెన్సులు వరుసగా నిలబెడతారు, వందలాది పోలీసులను దింపుతారు, పైన డ్రోన్లు ఎగరేస్తారు. తల పగలకూడదన్న ఆదేశమూ, పగిలిన తలకు కుట్లు వేసే ఏర్పాటూ ఒకే సమీక్షా సమావేశంలో ఖరారవుతాయి. సమ్మర్స్ గారికి కూడా ఇంత ముందుచూపు లేదు. ఆయన ఊళ్లో ఒక్క కట్టు కట్టే మనిషైనా కనబడడు.

తెల్లవారితే టీవీల వంతు. ఈ అనాగరికం ఇంకెన్నాళ్లని యాంకరు కళ్లెర్రజేస్తాడు. వెనుక అదే కర్ర అదే తల మీద నెమ్మదిగా పడుతూ ఉంటుంది, డప్పుల సంగీతంతో సహా. చిన్న విరామం తర్వాత మరిన్ని దృశ్యాలు అంటాడు. ఆ విరామంలో మనం ఛానెల్ మార్చం, కాఫీ కలుపుకొని వస్తాం.

వచ్చే దసరాకు స్వయంగా వెళ్లి చూడదలచినవారికి ఒక సూచన. వెలుతురు ఉండగానే చేరుకోండి, చీకటి పడితే దారి జనంతో నిండిపోతుంది. ముందువరుసలో నిలబడితే అన్నీ బాగా కనిపిస్తాయి. అయితే చూడ్డానికి వచ్చినవాడెవరో, కొట్టడానికి వచ్చినవాడెవరో ఆ చీకట్లో కర్రకు తెలిసే ఏర్పాటు ఇంకా ఎవరూ చేయలేదు.