అత్తయ్యగారి నడుముకి చుట్టుకున్న బెల్టు గారికి, కోడలు వ్రాయునది

మంచాన పడ్డ మనిషిని కుర్చీలోకి మార్చేటప్పుడు తూలకుండా పట్టుకోవడానికి నడుముకి కట్టే పట్టీ, మహారాజశ్రీ ట్రాన్స్‌ఫర్ బెల్టు గారి సముఖమునకు, కోనసీమ నుంచి ఒక కోడలు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అంటే నడుములు తప్ప మిగతావన్నీ క్షేమం. మీరూ క్షేమమేనని నాకు తెలుసు, ఎందుకంటే ఎదురుగా వెంకటేశ్వరస్వామి క్యాలెండరు పక్క మేకుకి వేలాడుతూ కనిపిస్తూనే ఉన్నారు. ఒకే గదిలో ఉండి ఉత్తరమెందుకు అంటారేమో, మా ఇంట్లో మొహం మీద చెప్పుకునే అలవాటు లేదండి. అత్తాకోడళ్లం కదా, ఏదైనా మూడో మనిషి ద్వారానే.

మీరు రాకముందు ఇక్కడ ఒక పద్ధతి ఉండేది. అత్తయ్యగారికి పక్షవాతం వచ్చి ఎడం పక్క పడిపోయాక, ఆవిడని మంచం మీంచి కుర్చీలోకి మార్చడమంటే ఊరంతటికీ పనే. మా ఆయన రొయ్యల చెరువు దగ్గర్నుంచి రావాలి, పక్కింటి కుర్రాడు సెల్‌ఫోను జేబులో పెట్టాలి, పలకరింపుకొచ్చిన చుట్టాల్లో కాస్త ఒళ్లున్నవాళ్లు పంచె ఎగ్గట్టాలి. ముఖ్యంగా రాజోలు పెద్దమావయ్యగారు. ఆయన బత్తాయిల సంచీ బల్ల మీద పెట్టి, "తప్పుకో అమ్మాయ్, నీ వల్ల కాదు" అని, రెండు చంకల్లో చేతులు దూర్చి ఒక్క ఊపున లేపేసేవారు. చూసినవాళ్లంతా "ఈ వయసులో కూడా ఏం బలమండీ బాబూ" అని ఆయన్నే చూసేవారు. అత్తయ్యగారి మొహం ఎవరూ చూసేవారు కాదు. పడిపోయిన పక్క భుజానికి కండరాల పట్టు ఉండదు, ఎముక గూటిలోంచి కిందికి జారుతుంది, ఆ చెయ్యి పట్టి లాగినా చంకలోంచి ఎత్తినా ఇంకా జారుతుంది. ఆ రాత్రి ఆవిడ మూలుగుతుంటే పెద్దమావయ్యగారు రాజోలు నుంచి ఫోన్ చేసి "చలిగాలి తగిలుంటుంది, అమృతాంజనం రాయండి" అనేవారు. ప్రేమంటే అలా ఉంటుంది మరి, చేసేదీ వాళ్లే, మందు చెప్పేదీ వాళ్లే.

ఆ పద్ధతిని మీరు చెడగొట్టారు. ఇప్పుడు పెద్దమావయ్యగారొస్తే కుర్చీలో కూర్చుని కాఫీ తాగి వెళ్లిపోతున్నారు. ఆయనకి పని లేకుండా చేశారని మా వాళ్లలో మీ మీద చాలా కోపంగా ఉంది.

అసలు మీరెలా వచ్చారో అందరికీ తెలియాలి. మా వీధి చివర కువైట్ వదిన ఉంది. ఈ జిల్లాలో ఊరికి కొందరైనా ఆడవాళ్లు అలా గల్ఫ్ వెళ్లి, అక్కడి ఇళ్లల్లో పనిచేసి, ఇక్కడ డాబాలు కట్టి వచ్చినవాళ్లే. ఈవిడ అక్కడ ఒక ముసలమ్మని ఏళ్ల తరబడి చూసుకుంది. వచ్చేటప్పుడు సూట్‌కేసులో ట్యాంగ్ డబ్బాలకీ సెంటు సీసాలకీ మధ్య మిమ్మల్ని చుట్టచుట్టి పెట్టుకొచ్చింది. మా అమ్మాయిలు పరాయి దేశంలో పరాయివాళ్ల నాయనమ్మల్ని మీతో పద్ధతిగా లేపి కూర్చోబెట్టి, ఇంటికొచ్చి సొంత నాయనమ్మని మాత్రం చంకల్లో చేతులేసి లాగుతారు. అక్కడ నేర్చుకున్నది ఉద్యోగం, ఇక్కడ చేసేది సేవ, రెండూ కలపకూడదు అన్నట్టు.

మిమ్మల్ని మొదటిసారి చూసినప్పుడు నాకు ఏ గొప్పా కనపడలేదు, నిజం చెప్తున్నాను. రెండంగుళాల వెడల్పు, అయిదడుగుల పొడుగు, ముందో బకిలు. మంచానికి అల్లే నవారు ఒక ముక్క కత్తిరించినట్టున్నారు. మీ అన్నదమ్ముల్లో చుట్టూ పట్టుకోవడానికి పిడులు కుట్టినవాళ్లూ ఉన్నారట, వాళ్లు కాస్త దర్జా. మీరు మాత్రం ఉత్త పట్టీ. దీనికింత హడావుడా అనుకున్నాం.

హడావుడి మా అత్తయ్యగారు చేశారు. "నన్ను కట్టేస్తారా? గేదెను కట్టినట్టు కట్టేస్తారా? ఆ దేవుడు తీసుకెళ్లకుండా ఎందుకుంచాడో" అని మొదలెట్టారు. ఆడపడుచులకి ఫోన్లు వెళ్లాయి. చిన్నాడపడుచు హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో ఏడ్చింది. నడుముకి ఏదైనా కట్టడం మన ఇంటావంటా లేదన్నట్టు మాట్లాడారు అందరూ. పుట్టగానే మొలతాడు కడతాం, పెళ్లికి వడ్డాణం పెడతాం, అది అద్దెకి తెచ్చైనా పెడతాం. వాటిల్లో ఏదీ పడిపోతున్న మనిషిని పట్టుకోవడానికి పనికొచ్చేది కాదు కాబట్టి వాటికి అభ్యంతరం లేదు.

కువైట్ వదిన ఈ ఏడుపులేవీ పట్టించుకోలేదు. చీర కుచ్చిళ్ల మీద జారుతుందని నైటీ మీదే కట్టింది, ఒంటికి తగలకుండా. బకిలు ముందు వైపే, కానీ సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకి. కట్టాక రెండు వేళ్లు దూర్చి చూసింది, దూరాయి, అంతే చాలంది. అంతకుముందే చక్రాల కుర్చీని అత్తయ్యగారి కుడి వైపుకి, అంటే బలమున్న పక్కకి, మంచానికి ఆనించి కాస్త ఏటవాలుగా పెట్టి, బ్రేకులేసి, పాదాలు పెట్టుకునే రేకులు పైకి మడిచేసింది. మాది నవారు మంచం కదా, మనిషి మధ్యలో దిగబడిపోతుంది, అందుకని ముందు అంచుదాకా జరిపి, రెండు పాదాలూ నేల మీద ఆనించి, ఒక నిమిషం అలాగే కూర్చోబెట్టింది. పడుకున్న మనిషిని ఠక్కున లేపితే బీపీ పడి కళ్లు తిరుగుతాయట. ఆ నిమిషంలో అత్తయ్యగారు ఆవిడకి మూడు తిట్లు తిట్టారు.

తర్వాత ఎదురుగా నిలబడి, కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, తన మోకాలితో అత్తయ్యగారి ఎడం మోకాలికి అడ్డం పెట్టింది. అత్తయ్యగారు తన మెడ పట్టుకోబోతే చెయ్యి తీయించేసింది. మిమ్మల్ని అరచేతులు పైకి ఉండేలా కింద నుంచి పట్టుకుంది. "పిన్నిగారూ, ముక్కు ముందుకి రావాలి, మీ కాలివేళ్లు చూడండి, ఆ, ఇంకొంచెం, ఒకటి, రెండు, మూడు!" అంది. అత్తయ్యగారు లేచారు. లేపడం కాదండి, లేచారు. కుడికాలి మీద బరువేసి, గజగజా వణుకుతూ, తిరిగి, కుర్చీ అంచు పిక్కలకి తగిలాక మెల్లిగా కూర్చున్నారు. కూర్చున్నాక తిట్టడం మర్చిపోయారు.

మీ అసలు నేరం అదేనండి, బెల్టు గారూ. రోగి చేత పని చేయిస్తారు మీరు. మా దగ్గర జబ్బు చేసిన మనిషి అంటే పడుకోవాలి, కళ్లు మూసుకోవాలి, అందరూ మోయాలి. ఎంత కదలకపోతే అంత బాగా చూసుకుంటున్నట్టు. మీరొచ్చి "మనిషిని ఎత్తడానికి కాదు నేను, తూలకుండా పట్టుకోవడానికి మాత్రమే" అంటారు. ఎత్తనివాడివి ఎందుకొచ్చావయ్యా అని మా ఆయన అడిగిన ప్రశ్నకి ఇప్పటికీ మీ దగ్గర సమాధానం లేదు. మధ్యలో మోకాలు వదిలేస్తే గట్టిగా పట్టుకుని నిలబెట్టకూడదట కూడా, దగ్గరికి లాక్కుని మన కాలి మీదుగా మెల్లిగా నేల మీదకి దించేయాలట. పడిపోనిస్తారా అని పెద్దమావయ్యగారు నోరెళ్లబెట్టారు. దించడం వేరు, పడేయడం వేరని కువైట్ వదిన చెప్పింది గానీ, ఆయన వినే రకం కాదు.

పైగా మీకు మడి ఒకటి. ఈమధ్యే కడుపు ఆపరేషన్ అయినవాళ్లని ముట్టుకోరు. పొట్టకి గొట్టం పెట్టినవాళ్లు, సంచీ తగిలించినవాళ్లు, పక్కటెముకలు విరిగినవాళ్లు, కడుపులో పెద్ద రక్తనాళం ఉబ్బినవాళ్లు, గర్భిణులు, వీళ్లెవరికీ డాక్టర్ని అడక్కుండా కట్టకూడదు. కాళ్లు అసలు నిలవని మనిషికైతే మీరు పనికిరానే రారు, దానికి మనిషినే పైకెత్తే హాయిస్ట్ అని వేరే యంత్రం ఉంది. ఇన్ని ఆంక్షలు మా అత్తయ్యగారు కార్తీకమాసంలో కూడా పెట్టలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇంకో బెల్టు కొందామని అమలాపురం వెళ్లాను. మా వైపు బెల్టు షాపు ఎక్కడని అడిగితే మగాళ్లు ఏ సందు చూపిస్తారో తెలుసు కాబట్టి నేరుగా మందుల షాపుకే వెళ్లి, పేషెంటుని పట్టుకునే బెల్టు కావాలన్నాను. "నడుం బెల్టా, సైజెంత?" అన్నాడు. కాదు బాబూ, పేషెంటుకి కట్టి మనం పట్టుకునేది అన్నాను. "కాన్పు బెల్టా?" అన్నాడు. కాదన్నాను. హెర్నియా బెల్టు తీశాడు. చివరికి నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఎవరైనా లేపుతుంటారా అండీ ఇంట్లో? అయితే మీకే నడుం బెల్టు కావాలి" అని ఎక్స్‌ఎల్ చేతిలో పెట్టాడు. అబద్ధమా అంటే కాదు. మా వీధిలో మంచాన పడ్డవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఒక నడుం బెల్టు ఉంది, అది మంచం మీది మనిషి నడుముకి లేదు, ఆ మనిషిని ఎత్తే కోడలి నడుముకో భార్య నడుముకో ఉంది. ముందు కొన్ని వందలు పెట్టి మిమ్మల్ని కొనడానికి ఎవరికీ చేతులు రావు, తర్వాత ఎక్స్‌రేలు, ఎమ్మారైలు, ఇంజెక్షన్లు, నడుం బెల్టు, వీటికి మాత్రం అప్పు తెచ్చైనా పెడతారు. అదీ కోడలు కింద కూర్చుని లేవలేని రోజు వస్తేనే. అంతవరకూ "నీకేమ్మా, గట్టిదానివి" అంటారు.

అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం మీద పరిశోధనలు చేసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. అందులో థామస్ వాటర్స్ అనే పరిశోధకుడు 2007లో లెక్కగట్టి చెప్పాడు, రోగిని చేతులతో ఎత్తాల్సి వస్తే ఒక్కరు మోయదగ్గ బరువు 35 పౌండ్లకు మించకూడదని. అంటే దాదాపు 16 కిలోలు. అది కూడా అంతా అనుకూలంగా ఉంటేనే. పాతిక కిలోల బియ్యం బస్తా దింపడానికి మా ఆయన కొట్టు కుర్రాణ్ణి ఇంట్లోకి రమ్మంటాడు. డెబ్భై కిలోల వాళ్లమ్మని దింపడానికి మాత్రం నన్ను పిలుస్తాడు. నేనేమైనా అంటే, కాటన్ దొర 1852కల్లా ధవళేశ్వరం దగ్గర గోదావరినే మళ్లించాడు, నువ్వు మంచం మీంచి కుర్చీకి మళ్లించలేవా అని జోకొకటి. కాటన్ దొర ఆనకట్టని ఒక్కడే చంకలో పెట్టుకుని మోసుకొచ్చాడనుకుంటున్నట్టున్నాడు పాపం.

ఆసుపత్రివాళ్ల గొప్పతనం కూడా రాయాలి. పంపించేటప్పుడు ఇంత లావు ఫైలు ఇచ్చారు. బీపీ మాత్ర ఎప్పుడు, రక్తం పలచబడే మాత్ర ఎప్పుడు, ఉప్పు తగ్గించండి, పచ్చళ్లు మానేయండి, అన్నీ ఉన్నాయి. ఆవకాయ గురించి రెండు చోట్ల రాశారు. మనిషిని మంచం మీంచి ఎలా దింపాలో ఒక్క ముక్క లేదు. స్ట్రెచరు మీద కారుదాకా తెచ్చి, "మీవాళ్లు పట్టుకోండమ్మా" అని వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. ప్రభుత్వాన్ని కూడా వదలకూడదు, కాకపోతే అక్కడ కొంత మంచి ఉంది. పేద వృద్ధుల కోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజన అని 2017 ఏప్రిల్‌లో మన నెల్లూరు జిల్లాలోనే మొదలెట్టారు. చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు, వినికిడి మిషన్లు, కళ్లజోళ్లు, ఆఖరికి కట్టుడుపళ్లు కూడా ఇస్తామన్నారు. ఆ మొదటి జాబితాలో మీ పేరు లేదు. కుర్చీ ఇస్తారు, అందులోకి ఎలా చేరాలన్నది మీరూ మీ దేవుడూ చూసుకోండి.

ఇన్ని చెప్పాను గానీ మీకు జరిగిన అవమానం ఒకటి నేనే చెప్పాలి, ఇంకెవరూ చెప్పరు. మొన్న మీరు మేకు మీద కనపడలేదు. ఇల్లంతా వెతికాను, మంచం కింద, ఇస్త్రీ బట్టల్లో, కమోడ్ కుర్చీ వెనక. అత్తయ్యగారు బాత్రూమ్‌కి వెళ్లాలి, నాకు ఒకటే టెన్షన్. చివరికి మా మరిది రావులపాలెం మార్కెట్‌కి అరటిగెలలు వేసుకెళ్తూ మోటారుసైకిలు వెనక మిమ్మల్ని బిగించాడని తెలిసింది. సాయంత్రానికి అరటిజిగురు మరకలతో తిరిగొచ్చారు. "భలే గట్టిగా ఉంది వదినా, బకిలు అసలు జారలేదు" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. వాళ్లమ్మకి కట్టినప్పుడు పరువు పోయింది, గెలలకి కట్టినప్పుడు పనికొచ్చింది. ఆ మరకలు ఉతికితే పోవని మీకు తెలిసే ఉంటుంది. బకిలు పళ్లు అరిగిపోయాయా, కుట్లు వదులయ్యాయా అని పట్టి పట్టి చూసి మరీ మళ్లీ కట్టాను.

కాబట్టి తమరికి తెలియజేయునది, ఈ ఇంట్లో ఉండదలచుకుంటే కొన్నింటికి ఒప్పుకోవాలి. చుట్టాలొచ్చినప్పుడు తువ్వాలు కింద దాక్కోవాలి. ఆడపడుచు వీడియో కాల్ చేస్తే కనపడకూడదు. మిమ్మల్ని పట్టుకుని పైకి లాగేయడమే అనుకునే మగవాళ్లు చేయి వేయబోతే బకిలు ఊడకుండానే ఎలాగోలా వాళ్లకి బుద్ధి చెప్పాలి, అది ఎలాగో నాకు చాతకాలేదు, మీరు చూసుకోండి. కుర్చీలో కూర్చోబెట్టాక రోజంతా నడుముకే ఉంచేస్తామనే బద్ధకం మా ఆయనకి పట్టింది, ఒప్పుకోకండి, పని అవగానే విప్పేయమనండి.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఎక్స్‌ఎల్ నడుం బెల్టు కొనకుండా తిరిగొచ్చిన కోడలు

తా.క. పైన రాసినదంతా అత్తయ్యగారికి చదివి వినిపించాను. పెద్దమావయ్యగారి దగ్గర బాగా నవ్వారు, అమృతాంజనం దగ్గర నవ్వలేదు. మీకు ఆవిడ ఒక మాట చెప్పమన్నారు: వచ్చే నెల మనవరాలి పెళ్లికి కుర్చీలో వస్తారట, కారులోకి ఎక్కడానికీ దిగడానికీ మీరు లేనిదే కుదరదని ఆవిడే ఒప్పుకున్నారు, కానీ శుభమా అని పెళ్లికెళ్తూ నల్లది కట్టుకోరట. మెరూన్ రంగులో మీవాళ్లెవరైనా ఉంటే, పట్టుచీర మీద జారకుండా లోపల రబ్బరు పట్టీ ఉన్నవాళ్లయితే మరీ మంచిది, వెంటనే పంపించగలరు.