దొరగారి కిటికీకి అడ్డొచ్చిన ఊరు

ఇంగ్లండ్ పల్లెల్లో నడవడానికి కరపత్రాలు రాసేవాళ్ళ జాగ్రత్తకి చేతులెత్తి మొక్కాలి. బురద ఎక్కడుంటుందో ముందే చెబుతారు. గేటు తీసినవాళ్ళు మళ్ళీ వెయ్యాలంటారు, లేకపోతే గొర్రెలు పోతాయి. కుక్కని వదలొచ్చా, చంటిపిల్లల బండి పడుతుందా, టీ ఎక్కడ దొరుకుతుంది, టాయిలెట్ ఎక్కడుంది, అన్నిటికీ జవాబుంటుంది. మనం తొక్కుతున్న పచ్చిక ఒకప్పుడు ఒక పట్నం అన్న సంగతికి మాత్రం ఒక్క వాక్యం. అది కూడా వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా.

డోర్సెట్‌లోని మిల్టన్ ఆబస్ సంగతి చూడండి. సులువైన నడక, పిల్లాపాపలతో వెళ్ళొచ్చు. ఒకటే వీధి. రెండు వైపులా తెల్లగోడలు, గడ్డి కప్పులు, ముందు కత్తిరించిన పచ్చిక, మొత్తం 36 ఇళ్ళు, అచ్చు క్యాలెండర్ బొమ్మ. లండన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు కూడా బ్యాంక్ హాలిడేకి పులిహోర డబ్బా కట్టుకుని ఇలాంటి ఊళ్ళకి బయల్దేరతారు. ఇంటింటి ముందూ నిలబడి ఫొటోలు దిగుతారు. అంత శ్రమ అక్కర్లేదు. మొదటి ఇంటి ముందు దిగితే చాలు, మిగతా 35 ఇళ్ళకీ అదే ఫొటో సరిపోతుంది.

మామూలుగా ఏ పల్లే ఇలా పెరగదు. ఒకరి అరుగు వీధిలోకి వస్తుంది, ఇంకొకరి గోడ వంకర పోతుంది. ఇంత క్రమశిక్షణ రావాలంటే వెనక ఒక మహానుభావుడి గుండెకోత ఉండాలి.

ఆ మహానుభావుడు జోసెఫ్ డేమర్. 1752లో ఈ ఎస్టేట్ కొన్నాడు, 1762లో లార్డ్ మిల్టన్ అయ్యాడు. ఇంటి పక్కన పాత మఠం చర్చి ఉంది. మఠమేమో అథెల్‌స్టాన్ రాజు పదో శతాబ్దంలో పెట్టింది. దాన్ని ఆనుకుని మిడిల్టన్ అనే సంత పట్నం. నూరుకు పైగా ఇళ్ళు, సంత, సత్రాలు, బీరు కాచే చోటు, ఒక బడి.

దొరగారి పరిస్థితి ఒక్కసారి ఊహించుకోండి. పొద్దున లేచి తెర తీస్తారు. ఎదురుగా పొగ. ఎవరో అన్నం వండుకుంటున్నారు! ఇంకో కిటికీ దగ్గరికి వెళతారు. అక్కడ దండెం మీద ఎవరివో తడిబట్టలు, దొరవారి అనుమతి లేకుండానే ఆరిపోతున్నాయి. మూడో కిటికీలో ఒక ముసలాయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అలా ఊరికే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి కూడా లేవడు. పోనీ కళ్ళు మూసుకుందామంటే సంతలో బేరాలు వినబడతాయి. చెవులు మూసుకుందామంటే బీరు వాసన. ఇంత డబ్బు పోసి కొన్న చోట మనుషులు బతుకుతూ ఉండటమేమిటి? కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదా? ఉన్నాయిగా ఇంకా కిటికీలు, ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళారు. అన్నిట్లోనూ జనమే.

పెద్దింటి ఎస్టేట్లలో తోటలూ పచ్చికలూ తీర్చిదిద్దే కేపబిలిటీ బ్రౌన్‌కి కబురు వెళ్ళింది. ఆయన అసలు పేరు లాన్సెలాట్. ఏ ఎస్టేట్ చూసినా "దీనికి కేపబిలిటీ ఉంది" అనేవాడట, ఆ పేరే స్థిరపడింది. నూరిళ్ళ పట్నాన్ని చూసినా ఆయన కంటికి చెరువూ పచ్చికే ఆనాయి. విలియం చేంబర్స్ అనే వాస్తుశిల్పి కూడా ఓ చెయ్యి వేశాడు. దొరగారి ఇంట్లోంచి చూస్తే కనబడని ఒక లోయ వెతికి, 1780 నాటికి అందులో ఈ క్యాలెండర్ వీధి కట్టించారు. ఒక్కో ఇంటికి రెండు కుటుంబాలు. నూరిళ్ళకు పైగా ఉన్న పట్నం 36 ఇళ్ళలోకి ఎలా పట్టింది అన్న లెక్క కరపత్రంలో ఉండదు. కారు పార్కింగ్ లెక్క ఉంటుంది.

పట్నం ఒక్క రోజులో పోలేదు. మనిషి బతికున్నంత కాలం చెల్లే కౌలు పత్రాలు జనం చేతిలో ఉన్నాయి. అందుకని దొరగారు ఓపిక పట్టారు. ఎవరైనా పోగానే ఆ ఇల్లు కూల్చడం, ఇంకొకరి కోసం ఎదురుచూడటం. విలియం హారిసన్ అనే లాయరు మాత్రం కదలనన్నాడు. దొరగారు నీళ్ళు వదిలి ఆయన ఇల్లు ముంచారని చెబుతారు. ఆయన కోర్టుకెక్కాడు, గెలిచాడు కూడా.

బడి 1521లో ఒక మఠాధిపతి పెట్టింది. పిల్లల అల్లరి దొరగారికి పడలేదు. పార్లమెంటు చేత చట్టం చేయించి 1785లో దాన్ని బ్లాండ్‌ఫర్డ్‌కి తరిమేశారు. పిల్లలు గోల చేస్తున్నారని బడిని ఊరు దాటించడానికి దేశపు పార్లమెంటు కూర్చుంది! ఇది సరదా కబురు కాదు, నాకు ఇందులో నవ్వేమీ కనబడటం లేదు. ఒక మనిషి తన కిటికీ కోసం పక్కవాళ్ళ చావులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. ఇళ్ళు పీకించాడు, బడి పీకించాడు. ఇప్పుడు దాన్ని "అందమైన దృశ్యం" అని రాసి, బెంచీ వేసి, కూర్చుని చూడమంటారా? ఏం చూడమని? సిగ్గుండాలి రాసేవాళ్ళకి.

పోనివ్వండి. 1954లో ఆ దొరగారి భవనంలోనే ఒక బోర్డింగ్ స్కూలు పెట్టారు. ఏ కిటికీ తెరిచినా పిల్లలే.

చర్చిలో దొరగారి పాలరాతి విగ్రహం ఉంది. నమూనా రాబర్ట్ ఆడమ్‌ది, చెక్కింది కార్లీని అనే శిల్పి. పడుకుని ఉన్న భార్య పక్కన మోచేతి మీద వాలి ఆవిడనే చూస్తుంటారు. చూపు విషయంలో ఆయనకి మొదటినుంచీ శ్రద్ధ ఎక్కువే.

ఇప్పుడు ఆ వీధిలో రెండేళ్ళకోసారి జులైలో సంత జరుపుతారు. ఊరివాళ్ళు 18వ శతాబ్దపు బట్టలు వేసుకుని తిరుగుతారు. నిర్వాహకులకి నాదొక మనవి. ఈసారి ఒకరికి లాయరు హారిసన్ వేషం వేయించండి. తడిసిన కోటు, చేతిలో కోర్టు తీర్పు. దొర వేషం వేసినాయన ఎక్కడ కనబడితే అక్కడ నిలబెట్టి, అందరి ముందూ గట్టిగా చదివించండి. టికెట్టు నేను కొంటాను.