స్క్రీన్ మీద స్లైడ్ రూల్ మంచిదే, జవాబు చూపించే ఆ డబ్బాతోనే చిక్కు

తిరుపతిలో ఏ ఇంటర్ ఎంపీసీ పిల్లోడినైనా నిద్రలో లేపి లాగ్ 2 ఎంత, అంటే 2 రావాలంటే 10కి ఎంత ఘాతం వెయ్యాలి అని అడగండి, 0.3010 అంటాడు, లాగ్ 3 అంటే 0.4771 అంటాడు, పీహెచ్ లెక్కలకి కావాలి కాబట్టి బట్టీ కొట్టేసుంటాడు. ఆ 0.3010 అసలు ఏంటప్పా, యాడ నుంచి వచ్చింది అంటే మాత్రం తెల్లమొహమే. వాళ్లని అనడానికేం లేదు, చూపించినోళ్లు ఉంటే కదా. కంటికి కనపడేలా చూపించే వస్తువు ఒకటుంది, స్లైడ్ రూల్, అంటే అంకెలున్న స్కేళ్లని ఒకదాని పక్కన ఒకటి జరిపి గుణకారాలు, భాగహారాలు చేసే పట్టీ, షాపుల్లో ఎప్పుడో మాయమైపోయింది గానీ బ్రౌజర్లో వెతికితే వేలితో అటూ ఇటూ జరుపుకునే సిమ్యులేషన్లు ఫ్రీగానే దొరుకుతాయి. ఇంటర్ ఫస్టియర్లో ఒక్క పీరియడ్ దీనికి ఇస్తే చాలు అనేది నా అభిప్రాయం, పాతకాలం ముచ్చట కోసం కాదు.

చరిత్ర పెద్దగా అక్కర్లేదు. నేపియర్ 1614లో లాగరిథమ్స్ గురించి పుస్తకం వేశాడు, ఆ తర్వాత పదేళ్లు దాటకుండానే ఇంగ్లండ్లో ఔట్రెడ్ అనే ఆయన రెండు లాగ్ స్కేళ్లు పక్కపక్కన పెట్టి జరిపితే గుణకారం అయిపోతుందని చూశాడు, పొడవులు కలిస్తే లాగ్‌లు కలిసినట్టే, లాగ్‌లు కలిస్తే అంకెలు గుణించినట్టే, అక్కడ్నుంచి దాదాపు 350 ఏళ్లు నడిచింది. 1972లో హెచ్‌పీ-35 అనే జేబు సైంటిఫిక్ కాలిక్యులేటర్ 395 డాలర్లకి వచ్చాక కొన్నేళ్లలోనే స్లైడ్ రూల్ చేసేవాళ్లు దుకాణం సర్దేశారు. ఇప్పుడు మన జిల్లాలోకి వచ్చిన శ్రీహరికోట నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరింది 1971 అక్టోబర్లో, అంటే అప్పటికి జేబులో పట్టే సైంటిఫిక్ కాలిక్యులేటర్ అనేదే మార్కెట్లో లేదు. అపోలో వ్యోమగాములు కూడా పికెట్ కంపెనీ స్లైడ్ రూల్ వెంట తీసుకెళ్లారు.

సరే, స్క్రీన్ మీద ఓపెన్ చేస్తే ఏం కనిపిస్తుంది? కింద కదలని డీ స్కేలు, దాని పైన జరిగే సీ స్కేలు, మధ్యలో నిలువు గీతతో కర్సర్. 1 నుంచి 10 దాకా ఉంటుంది గానీ గీతలు సమానంగా ఉండవు. స్కేలు పొడవు 25 సెంటీమీటర్లు అనుకుంటే 2 అనేది ఏడున్నర సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, మొత్తం పొడవులో 30.1 శాతం, పిల్లలు బట్టీ కొట్టిన 0.3010 అదే! 9 నుంచి 10కి మాత్రం సెంటీమీటరు కన్నా కాస్త ఎక్కువ, అంతే జాగా.

మన ఊరి లెక్కే చేద్దాం. చిన్న లడ్డు 175 గ్రాములు. స్కేలు మీద 1 నుంచి 10 దాకానే ఉంటుంది కాబట్టి 175ని 1.75 అనుకోవాలి. సీ మీదున్న 1ని తెచ్చి డీ మీద 1.75 పైన పెట్టండి, ఇక స్లైడ్ ముట్టుకోవద్దు. సీ మీద 2 కింద చూస్తే డీ మీద 3.5, 4 కింద 7, 3.6 కింద 6.3, ఇట్లా అన్ని లడ్ల లెక్కలూ ఒకేసారి పరుచుకుని కనిపిస్తాయి, ఎక్కాల పుస్తకంలో పేజీ తెరిచినట్టు. కాలిక్యులేటర్ ఒక ప్రశ్నకి ఒక జవాబిచ్చి ఊరుకుంటుంది, నిష్పత్తి మొత్తం ఒక్క చూపులో కనపడటం అనేది అందులో లేదు. 8 లడ్లు కావాలంటే సీ మీద 8 స్కేలు దాటి బయటికి పోతుంది, అప్పుడు స్లైడ్‌ని ఎడమవైపుకి లాగి 1 బదులు కుడి చివరున్న 10ని 1.75 మీద పెట్టాలి, 8 కింద 1.4 వస్తుంది. 1.4 ఏంటి, గ్రాములా కిలోలా అనేది స్కేలు చెప్పదు, అది మనమే తేల్చుకోవాలి.

నాకు ఈ పరికరంలో బాగా నచ్చింది ఇదే. 360 లడ్లంటే సీ మీద 3.6, దాని కింద 6.3 అని వచ్చింది, సున్నాలెన్ని? ఉజ్జాయింపుగా 200 ఇంటూ 360 అనుకుంటే 72 వేల గ్రాములు, అంటే 72 కిలోలు, కాబట్టి అసలు జవాబు 63 కిలోలు, 630 అయ్యే చాన్సే లేదు. ఈఏపీసెట్‌లో గానీ జేఈఈ మెయిన్‌లో గానీ కాలిక్యులేటర్ ఉండదు, ఆప్షన్లు చూసి ఏది కుదరదో కొట్టెయ్యడానికి కావాల్సిన అలవాటు సరిగ్గా ఇదే, దానికోసం షార్ట్‌కట్ల మెటీరియల్ అని వేరే డబ్బులు కట్టించుకుంటున్నారు, అది వేరే కథ.

మరి చిక్కెక్కడ? కొన్ని సిమ్యులేషన్లలో పక్కన ఒక డబ్బా పెట్టి కర్సర్ ఎక్కడుంటే అక్కడి విలువ నాలుగైదు అంకెలతో చూపిస్తారు. పిల్లోడు గీతలు చూడటం మానేసి ఆ డబ్బానే చూస్తాడు, ఎవరైనా అదే చేస్తారు. రెండు గీతల మధ్య ఎంత ఉందో కంటితో అంచనా వేసి మూడో అంకె చదవడమే అసలు పని, అది పోయాక మిగిలేది జరపడానికి కష్టంగా ఉండే కాలిక్యులేటర్.

ఫోన్ స్క్రీన్ మీద అంత కరెక్టుగా కుదరదు కాబట్టి డబ్బా పెట్టాం అంటారేమో. అదీ నిలబడదు. ఫోన్ అడ్డంగా తిప్పితే 2400 పిక్సెళ్లు అనుకోండి, లాగ్ స్కేలు కాబట్టి ఒక్క పిక్సెల్ తేడా వస్తే స్కేలు మీద ఎక్కడైనా తప్పు 0.1 శాతమే. నిజం స్లైడ్ రూల్ మీద మిల్లీమీటరులో పదోవంతు తేడా వచ్చినా దాదాపు అంతే. అడ్డం పడేది వేలు, అది పైన పెడితే చూడాల్సిన గీతే కనపడదు, జూమ్ చేస్తే మిగతా సగం స్కేలు స్క్రీన్ బయటికి పోతుంది. అందుకే దీనికి మౌస్ ఉన్న కంప్యూటర్ మేలు, ఫోన్లో అయితే విసుగొచ్చి రెండు నిమిషాల్లో మూసేస్తారు.

కాలిక్యులేటర్ చేతిలో ఉండగా ఇదంతా దేనికి అనేవాళ్లతో నాకు గొడవేం లేదు, ఇల్లు కట్టే ఎస్టిమేట్ దీంతో వెయ్యమని ఎవరూ అనట్లేదు, కూడికలు దీంట్లో రానేరావు, మూడు అంకెలు దాటి నమ్మకూడదు కూడా. నేననేది క్లాసులో లాగ్‌లు మొదలుపెట్టే రోజు గురించి. నాడు-నేడులో మన గవర్నమెంట్ హైస్కూళ్లకి పెద్ద టచ్ ప్యానెళ్లు ఇచ్చారు కదా, అలాంటి ప్యానెల్ మీద స్లైడ్ రూల్ తెరిస్తే మీటరు దాటిన పొడవుంటుంది, వేలు కూడా అడ్డం రాదు, వెనక బెంచీకి కూడా గీతలు కనిపిస్తాయి. అలిపిరి రోడ్డులో సైన్స్ సెంటర్ ఉంది, అక్కడ ఒక స్క్రీన్ దీనికి కేటాయించినా పెద్ద ఖర్చు కాదు. క్లాసులో ఒకడు స్లైడ్ జరపాలి, ఇంకొకడు చదవాలి, మూడోవాడు సున్నాలెన్నో చెప్పాలి. ఆ అంకెల డబ్బాని ఆఫ్ చేసే బటన్ లేకపోతే దాని మీద ఒక కాయితం ముక్క అంటిస్తే సరి.