హాల్టు ఎత్తేసేది ఎవరినడిగి?

పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల్లో చాలా బడులకు గంట అంటే ఇప్పటికీ రైలు పట్టా ముక్కే. చెట్టు కొమ్మకో, వసారా దూలానికో ఇనుప తీగతో వేలాడదీసి, కొట్టడానికి పక్కనే ఓ బోల్టు పెట్టి ఉంచుతారు. ఇక్కడి పాత మీటర్ గేజ్ లైను పోయాక తుక్కు కింద వేలంలో పోయిన సామాను ఇలా ఎక్కడెక్కడికో చేరింది. స్లీపరు చెక్కలు కొన్ని ఇళ్లకు దర్వాజాలయ్యాయి, కొన్ని కొట్టాలకు గుంజలయ్యాయి. ఇనుముకూ చెక్కకూ రెండో బతుకు బాగానే దొరికింది. ఆ లైనును నమ్ముకున్న చిన్న ఊళ్ల సంగతే ఎవరికీ పట్టలేదు.

కాచిగూడ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా డోన్ దాకా పోయే దారి ఒకప్పుడు మీటరు వెడల్పు పట్టాల మీద నడిచింది. నిజాం సర్కారు 1930లో బ్రిటిష్ కంపెనీ చేతిలోంచి తన రాజ్యంలోని రైల్వేను కొనుక్కుంది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. దేశమంతటా ఒకే గేజ్ (పట్టాల మధ్య వెడల్పు) ఉండాలని కేంద్రం 1992లో పథకం మొదలుపెట్టాక, ఆ దశాబ్దంలోనే ఇక్కడా 1.676 మీటర్ల బ్రాడ్ గేజ్ పడింది. ఒక గేజ్ వ్యాగన్‌లోంచి దింపి ఇంకో గేజ్ వ్యాగన్‌కు ఎక్కించే హమాలీ ఖర్చు తప్పింది. 2013లో గద్వాల–రాయచూర్ లైను వచ్చింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ 85 కిలోమీటర్ల రెండో లైను, అదే ఏడాది అక్టోబర్‌లో జక్లేర్–కృష్ణా 37 కిలోమీటర్ల కొత్త లైను ప్రారంభమయ్యాయి. ఇవన్నీ కావలసినవే, ఆలస్యంగా వచ్చినవే. దేవరకద్ర నుంచి కృష్ణా దాకా పట్టాలు చేరడానికి మంజూరైన నాటి నుంచి పాతికేళ్లు పట్టిందని గుర్తుచేస్తే చాలు.

కాబట్టి మన దగ్గర లైను మూతపడలేదు. బలిసింది కూడా. మూతపడుతున్నవి దాని మీది చిన్న స్టేషన్లు, రైల్వే సిబ్బంది లేకుండా బండి కాసేపు ఆగిపోయే హాల్టులు. లైను మొత్తం ఎత్తేస్తే నలుగురూ పట్టాల మీద కూర్చుంటారు, అసెంబ్లీలో మాట్లాడతారు. టైమ్ టేబుల్లో ఒక స్టాపు కొట్టేస్తే ఆ ఊరివాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. వాళ్లకూ ప్లాట్‌ఫాం మీద నిలబడి, చెయ్యి ఊపినా బండి ఆగకుండా పోయాకే తెలుస్తుంది.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పెద్ద స్టేషన్‌లో టికెట్ ఇచ్చేది రైల్వే ఉద్యోగి. హాల్టులో ఇచ్చేది కమీషన్ మీద పనిచేసే ఏజెంటు, సాధారణంగా ఆ చుట్టుపక్కల మనిషే. దగ్గరి పెద్ద స్టేషన్‌కు వెళ్లి తన డబ్బుతో టికెట్లు తెచ్చుకుంటాడు, అమ్మినదాని మీద కొంత మిగుల్చుకుంటాడు. ఆగే బండ్లు తగ్గితే అతని కమీషన్ ఆటో చార్జీకి కూడా చాలదు. కొన్నాళ్లకు కిటికీ మూసేస్తాడు. కిటికీ లేకపోతే ఎక్కేవాళ్లు టికెట్ లేకుండా ఎక్కుతారు, లేదా ఎక్కడమే మానేస్తారు. లెక్కలో అమ్మకం సున్నా అవుతుంది. అప్పుడు ‘ప్రయాణికుల ఆదరణ లేదు’ అని ఫైల్లో రాస్తారు. ఆ రాసిన మాట అబద్ధం కాదు, కానీ ఆ సున్నా ఎవరి వల్ల వచ్చిందో ఆ ఫైల్లో ఉండదు.

కోవిడ్ ఈ పనిని ఒక్కసారిగా ముందుకు నెట్టింది. 2020 మార్చిలో దేశమంతా బండ్లు ఆగాయి. మళ్లీ కదిలినప్పుడు పాత ప్యాసింజర్లు చాలావరకు స్పెషల్ ఎక్స్‌ప్రెస్‌లుగా కదిలాయి. కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30కి ఎక్కింది, చిన్న స్టాపులు ఎన్నో రాలిపోయాయి. చార్జీని 2024 ఫిబ్రవరిలో తిరిగి తగ్గించారు. స్టాపులు మాత్రం ఆ ఊపులో తిరిగి రాలేదు. నాలుగేళ్లలో జనం బైకులు కొనుక్కున్నారు, షేర్ ఆటోలకు అలవాటు పడ్డారు. ఇప్పుడు వాళ్లు స్టేషన్ వైపు రావడం లేదంటే తప్పు వాళ్లది కాదు.

ఎవరికి నష్టం అంటే బైకు లేనివాళ్లకి. బాలానగర్ సీతాఫలం రకానికి ఆ పేరు ఇచ్చిన ఊరు ఈ లైను మీదిదే. గుట్టల్లో కోసిన పండు పండిపోకముందే గంపలతో పట్నం చేరాలి, అందులోనూ అమ్మేది ఎక్కువగా ఆడవాళ్లు. గంపకు వేరే చార్జీ అడిగే బస్సు కండక్టర్‌తో పొద్దున్నే గొడవ పెట్టుకోవడం కంటే ప్యాసింజర్‌లో తలుపు దగ్గర కూర్చోవడమే వాళ్లకు వాటం. కురుమూర్తి, మన్యంకొండ పేరున్న జాతరలు, రెంటికీ ఆ పేర్లతోనే స్టేషన్లు ఉన్నాయి. ఏడాది మొత్తం మీద రోజువారీ సగటు తీస్తే అందులో జాతర కనిపించదు. దీపావళి తర్వాత కురుమూర్తికి ఎంతమంది వస్తారో సగటు లెక్క వేసే ఆఫీసరు ఒక్కసారి వచ్చి చూస్తే బాగుంటుంది. వనపర్తి రోడ్ స్టేషన్ ఉన్నది మదనాపురంలో. వనపర్తికి అక్కడి నుంచి ఆటోనో బస్సో పట్టుకోవాలి. రైలు మన ఊళ్లకు మొదటి నుంచీ కాస్త దూరంగానే నిలబడింది, ఇప్పుడు ఆ నిలబడటం కూడా మానేస్తోంది.

రైల్వే వాదనలో పస లేదని మేం అనం. ఒక్క నిమిషం ఆగాలన్నా వేగం తగ్గించి మళ్లీ అందుకునేసరికి నాలుగైదు నిమిషాలు పోతాయి, వెనక వచ్చే బండి సిగ్నల్ దగ్గర నిలబడుతుంది. సింగిల్ లైను మీద ఇది నిజంగానే పెద్ద తలనొప్పి. కానీ మహబూబ్‌నగర్ దాకా రెండో లైను పడింది, కరెంటు వచ్చింది. అక్కడిదాకా ఎదురు బండి కోసం లూప్ లైన్లో, అంటే స్టేషన్ పక్క పట్టా మీద, కాచుకునే అవసరం తప్పింది. అలా మిగిలిన సమయం మొత్తం ఎక్స్‌ప్రెస్‌లకే ఎందుకు పోవాలి? అందులో ఒకటి రెండు నిమిషాలు హాల్టులకు తిరిగి ఇవ్వమని అడగడం అత్యాశ కాదు.

నష్టాల లైన్ల మాట కొత్తది కాదు. 1969లో దీనికోసమే ఓ కమిటీ వేశారు. 1984లో రైల్వే సంస్కరణల కమిటీ 40 బ్రాంచి లైన్లు మూసేయమంది. శాశ్వతంగా మూసినవి 15. మిగతావి బతికాయంటే రాష్ట్ర ప్రభుత్వాలు అడ్డం పడ్డాయి కాబట్టే. అంటే లైను మూయాలంటే రాష్ట్రం మాట ఎంతోకొంత పనిచేసేది. స్టాపు తీసేయాలంటే ఆ మాత్రం అడ్డు కూడా లేదు. దానికితోడు 2017 నుంచి ప్రత్యేక రైల్వే బడ్జెట్ పోయింది. మన లైన్ల పేర్లు పార్లమెంటులో కనీసం ఏడాదికోసారి వినిపించే రోజు కూడా దాంతో పోయినట్టే.

అమెరికాలో లైను వదిలేయాలంటే కంపెనీ ఫెడరల్ బోర్డు అనుమతి తీసుకోవాలి, నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలు వినాలి. 1983లో అక్కడ ఇంకో వీలు కల్పించారు. పట్టాలు తీసినా ఆ దారిని ముక్కలు కానివ్వకుండా నడకకో, సైకిళ్లకో ఇచ్చి, రేపు మళ్లీ రైలు వేయాల్సి వస్తే వాడుకునే హక్కు అట్టిపెట్టుకోవచ్చు. అక్కడ చాలాచోట్ల లైను పోగానే భూమి పక్క ఆసాములకు తిరిగి వెళ్లిపోయేది, అందుకే ఈ ఏర్పాటు. మనకు ఆ తంటా లేదు, పట్టాలు వేసిన మట్టి కట్ట కింద భూమి రైల్వేదే. గేజ్ మార్చినప్పుడు, రెండో లైను వేసినప్పుడు పనికిరాకుండా మిగిలిన పాత కట్టలు, క్వార్టర్లు, గోడౌన్లు ఎక్కడెక్కడ ఎన్ని ఉన్నాయో పంచాయతీ ఆఫీసు గోడ మీద ఒక జాబితా అంటించడం కష్టమా? జాబితా లేనిచోట రాత్రికి రాత్రి కంకర పోతుంది, తర్వాత కట్ట మట్టి పోతుంది, ఆ తర్వాత హద్దు రాళ్లు పోతాయి. చివరికి ప్లాట్ల బోర్డు లేస్తుంది.

2022 సెప్టెంబర్‌లో కేంద్ర కేబినెట్ రైల్వే భూముల కొత్త విధానాన్ని ఆమోదించింది. కార్గో టెర్మినళ్లకు మార్కెట్ విలువలో 1.5 శాతం అద్దెతో 35 ఏళ్ల లీజు, ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో (పీపీపీ) కట్టే ఆసుపత్రులకు, కేంద్రీయ విద్యాలయాలకు చదరపు మీటరుకు ఏడాదికి ఒక్క రూపాయి. ఇదే రూపాయి లెక్కన ఒక పాత స్టేషన్ గదిని పంచాయతీ లైబ్రరీకో, మహిళా సంఘం పల్లీల గోడౌన్‌కో ఎందుకు ఇవ్వకూడదు? ఆ రాతి గోడలు, పెంకుల కప్పు, చెయ్యి మాత్రమే పట్టే టికెట్ కిటికీ ఇప్పుడు ఎవరికీ ఆదాయం తేవడం లేదు. ముళ్లతుమ్మ మాత్రం తెస్తోంది.

ఇక కొత్త లైన్ల మాట. సూర్యాపేట, దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ నేటికీ రైలు లేని ఊళ్లే. నల్లగొండ పట్టణం కూడా 1974లో శంకుస్థాపన జరిగిన బీబీనగర్–నడికుడి లైను పూర్తయ్యాకే రైలు ముఖం చూసింది. ఇప్పుడు డోర్నకల్ నుంచి గద్వాల దాకా 296 కిలోమీటర్ల లైనుకు తుది సర్వే మంజూరై ఉంది. నేతలు అలైన్‌మెంట్, అంటే లైను పోయే దారి, ఎవరి ఊరి పక్కగా పోవాలన్న దాని మీదే మాట్లాడుతున్నారు. ఏ స్టేషన్‌లో ఏ బండి ఆగుతుంది, ఆగడం మానేయాలంటే ఎవరిని అడగాలి అన్నది కూడా ఇప్పుడే రాయించుకోవాలి. ఉన్న లైను మీద హాల్టు తీసేసే ముందు గ్రామసభలో చెప్పాలని, మూడు నెలలు గడువివ్వాలని, గత ఐదేళ్లలో ఆ స్టాపులో ఎన్ని బండ్లు ఆగాయో, టికెట్ కిటికీ ఎన్ని రోజులు తెరిచి ఉందో అమ్మకం లెక్క పక్కనే చూపాలని మేం కోరుతున్నాం. డివిజన్ స్థాయి ప్రయాణికుల సంప్రదింపుల కమిటీలో మన జిల్లాల సభ్యులు ఉంటారు. వచ్చే సమావేశానికి వాళ్లు ఈ ఒక్క అంశమైనా ఎజెండాలో పెట్టించాలి, ఎంపీలు దాని మీద లిఖితపూర్వక జవాబు తెప్పించాలి.