సున్నా బైట్ల ఉద్యోగిని తీసేస్తారా?

కంప్యూటర్ ఆన్ కావడం ఆలస్యమవుతోందట. స్టార్టప్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యేవాటి జాబితాలో, పేరుకున్న పాత సెట్టింగులు పీకేయాలని కొందరు కుర్రాళ్లు తొందరపడుతున్నారు. ఇది మన కార్యాలయ సంప్రదాయానికే విరుద్ధమని మనవి.

ఆన్ కాగానే కంప్యూటర్ చేయాల్సిన పనులు రాసి ఉంచే ఫైలు ఆటోఎగ్జెక్.బ్యాట్ సంగతే చూడండి. విండోస్‌కు ముందటి డాస్ రోజుల్లో దాని దర్జా వేరు. అది పిలిస్తేనే మౌస్ కదిలేది, అది దారి చెబితేనే ప్రోగ్రాములు దొరికేవి. విండోస్ ఎక్స్‌పీ వచ్చేసరికి చేయడానికి పనేమీ మిగల్లేదు. అయినా తీసేశారా? సున్నా బైట్ల సైజుతో సీ డ్రైవ్ గుమ్మంలోనే కూర్చోబెట్టారు. విస్టాలోనైతే లోపల ఒకే ఒక్క లైను: 'రెమ్ డమ్మీ ఫైల్ ఫర్ ఎన్‌టీవీడీఎం', అంటే పాత డాస్ ప్రోగ్రాములు నడిపే విభాగం కోసం పెట్టిన ఉత్తుత్తి ఫైలు. తాను డమ్మీనని నేమ్‌ప్లేటు పెట్టుకున్న అధికారిని ఇంకెక్కడైనా చూశారా?

ఇక పాత విండోస్ సెట్టింగుల ఫైలు విన్.ఐఎన్ఐ. 2021లో వచ్చిన విండోస్ 11 పూర్తిగా 64 బిట్ సరుకు. పాతకాలపు 16 బిట్ ప్రోగ్రాములు అందులో నడవనే నడవవు. అయినా విండోస్ ఫోల్డర్లో ఆ ఫైలు తెరిస్తే మొదటి లైనే '16 బిట్ యాప్ సపోర్ట్ కోసం' అని ఇంగ్లిషులో పలకరిస్తుంది. రైళ్లు రద్దయిన లైనులో గేటు వేసే మనిషి. జీతం అడగడు కాబట్టి ఆడిట్ అభ్యంతరం కూడా లేదు.

విండోస్ సెట్టింగుల చిట్టా అయిన రిజిస్ట్రీలో, లాగిన్ కాగానే నడవాల్సిన ప్రోగ్రాముల పేర్లుండే 'రన్' కీలో మరీ విశ్వాసపాత్రులుంటారు. ప్రింటర్ పాత సామాన్లవాడి బండెక్కి ఏళ్లయినా, దాని ఇంకు చూసుకునే ప్రోగ్రాము రోజూ పొద్దున్నే లేచి, లేని ప్రింటర్‌ను వెతుక్కుంటుంది. కొందరికైతే ప్రోగ్రాము కూడా పోయింది, హాజరుపట్టీలో పేరే మిగిలింది. టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో బొమ్మ లేకుండా ఉత్త 'ప్రోగ్రామ్' అని కనిపించేది చాలాసార్లు ఈ బాపతే. స్టార్టప్‌లో ఎవరెవరున్నారో చూపించే ఆటోరన్స్ అనే టూలు ఇలాంటివాళ్లకు పసుపు రాసి 'ఫైల్ నాట్ ఫౌండ్' అని చాటింపు వేస్తుంది. ఇంత పరువు తక్కువ పని మరొకటి లేదు. టాస్క్ మేనేజర్ మర్యాదస్థురాలు. 'డిజేబుల్' అంటే పని మాన్పిస్తుంది, పేరు మాత్రం కొట్టేయదు.

కాదూ కూడదూ, తీసేయాల్సిందే అంటారా? పద్ధతి ప్రకారం ముందు ఆ 'రన్' కీని ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే ఫైలుగా నకలు తీసి, ఎందుకైనా మంచిదని డెస్క్‌టాప్ మీద పెట్టుకోండి. ఆ బ్యాకప్‌ను ఎప్పుడు తీసేయాలో గుర్తుండదని టెన్షన్ వద్దు. గుర్తుచేసే యాప్ ఒకటి వేసుకుని, స్టార్టప్‌లో పెట్టండి.